సూత్రం ఆఖర్న చెబుదాం: 6, 7, 8 తరగతుల్లో వ్యాకరణాన్ని, పద్యాన్ని ఆడించి నేర్పే పద్ధతి

నేను బడిలో చేరిన తొలి ఏడాది, ఏడో తరగతి పిల్లలు ఉత్వసంధి సూత్రాన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు. “ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు సంధి నిత్యం.” నలభై గొంతులు ఒక్కసారిగా పలికేవి. నాకెంత సంతోషమో! ఒకరోజు బోర్డు మీద ‘ఇతడెవరు’ అని రాసి విడదీయమన్నాను. ముందు బెంచీ అమ్మాయి వచ్చి ‘ఇత + డెవరు’ అని రాసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఉత్తు అంటే ఏమిటో, ‘డు’లో అది ఎక్కడ దాక్కుని ఉందో నేను ఒక్కనాడూ చూపించలేదు.

అదే అమ్మాయి పది నిమిషాల తర్వాత వచ్చి, “సార్, మేమిద్దరం నీళ్లకెళ్లొస్తాం” అంది. ‘మేము ఇద్దరం’ కలిసిపోయింది, ‘నీళ్లకు’ చివరి ఉకారం ఎగిరిపోయింది. బోర్డు మీద చేతగాని సంధి నోటి మీద ఎంత సులువుగా నడిచిందో చూడండి. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. పిల్లల నోట్లో ఉన్నదాన్ని ముందు బయటికి తీయాలి. చెవికి వినిపించాలి, కంటికి చూపించాలి. సూత్రం, దాని పేరు ఆఖర్న రావాలి. కింద చెప్పేవన్నీ నలభై అయిదు నిమిషాల పీరియడ్లో, నలభై మంది ఉన్న గదిలో చేయించినవే.

ముందు కావలసిన సరంజామా

పాత శుభలేఖలు పోగు చేయండి. వాటి వెనక వైపు తెల్లగా, గట్టిగా ఉంటుంది, అక్షరాల కార్డులకు అంతకన్నా మంచి అట్ట దొరకదు. నల్ల స్కెచ్చు, ఎర్ర స్కెచ్చు, రెండు గుప్పెళ్ల చింతగింజలు, ఒక గుప్పెడు గవ్వలు. గవ్వలు లేకపోతే కుంకుడు గింజలు చాలు. హల్లులు నల్లరంగులో పొల్లుతో (క్, త్, డ్), అచ్చులు ఎర్రరంగులో రాయండి. ఈ రంగుల తేడా మొదటి నుంచి చివరిదాకా మార్చకండి.

మొదటి మెట్టు: కేక వేయడం

సంధి రాని పిల్లల్లో ఎక్కువమందికి అసలు చిక్కు సంధితో కాదు, వర్ణ విభజనతో. తెలుగులో ‘డు’ ఒకే అక్షరంగా కనిపిస్తుంది, అందులో రెండు ధ్వనులున్నాయని కన్ను చెప్పదు. చెవి చెబుతుంది.

పిల్లల్ని మైదానంలో రెండు వరసలుగా, దూరంగా నిలబెట్టండి. సాయంత్రం అమ్మ ఇంటికి రమ్మని కేకేసినట్టు ఒకరి పేరు ఒకరు పిలవాలి. “రాజూ...” “గౌరీ...” “లలితా...” ఊపిరి ఉన్నంతసేపు సాగదీయమనండి. ఆఖరికి నోట్లో మిగిలిన ధ్వని ఏది? రాజుకు ఉ, గౌరికి ఇ, లలితకు అ. ఏ ధ్వని మిగిలిందో దాన్నిబట్టి మూడు గుంపులు చేయండి. ఉకారం గుంపు, ఇకారం గుంపు, అకారం గుంపు. పది రోజుల తర్వాత ఉత్వ, ఇత్వ, అత్వ సంధులు చెప్పేటప్పుడు ఈ గుంపుల్నే మళ్లీ పిలవచ్చు. పిల్లలకు ఆ పేర్లు అప్పుడు కొత్తగా ఉండవు.

గదిలోకి వచ్చాక ‘సీత’ను కార్డులతో పేర్చమనండి: స్, ఈ, త్, అ. ఆ చివరి ‘అ’ను చాలామంది మరిచిపోతారు. అది వచ్చేదాకా రెండో మెట్టు ఎక్కవద్దు. నా తరగతిలో దీనికి మూడు పీరియడ్లు పట్టింది, ఆ మూడూ వృథా కాలేదు.

రెండో మెట్టు: సంధిలో ఎవరు కూర్చున్నారు?

1. ‘ఇతడు + ఎవరు’కు పది కార్డులు కావాలి: ఇ, త్, అ, డ్, ఉ, ఎ, వ్, అ, ర్, ఉ. పదిమందిని వరసగా నిలబెట్టి చేతికి కార్డులివ్వండి. పదకొండో బిడ్డ కూడిక గుర్తు పట్టుకుని మధ్యలో ఉంటుంది.

2. హల్లు పట్టుకున్నవాళ్లు పక్కనున్న అచ్చు భుజం మీద చెయ్యి వేయాలి. హల్లు ఒంటరిగా నిలబడలేదని ఇక వేరే చెప్పక్కర్లేదు.

3. తరగతంతా నెమ్మదిగా చదవాలి. తర్వాత గబగబా చదవాలి. వేగం పెరిగేకొద్దీ ఏ ధ్వని వినబడకుండా పోతోందో పట్టుకోమనండి.

4. కూడిక గుర్తు పక్కకు తప్పుకుంటుంది. ‘ఉ’ కింద కూర్చుంటుంది. ‘డ్’ చెయ్యి ఇప్పుడు గాల్లో ఉంది, అది వెళ్లి ‘ఎ’ భుజం మీద పడుతుంది. అందరూ ఒక్కసారిగా ‘డె’ అంటారు.

ఆ చెయ్యి మారే క్షణం కోసమే ఈ ఆటంతా. దాన్ని రెండు మూడుసార్లు మళ్లీ చేయించండి.

తర్వాత ‘మేము + ఇద్దరం’, ‘వాడు + ఎక్కడ’, ‘నేను + ఒక్కడిని’ చేయించాక, ఏం గమనించారో అడగండి. “ఎప్పుడూ ఉ ఒక్కటే కూర్చుంటోంది సార్” అని ఒక కుర్రాడు అన్నాడు. ఆ మాటను అలాగే బోర్డు మీద రాశాను. మర్నాడు దాని పక్కన బాలవ్యాకరణ సూత్రం రాసి, రెండూ ఒకటే చెబుతున్నాయా అని అడిగాను. హ్రస్వ ఉకారాన్నే ఉత్తు అంటారని అప్పుడు చెబితే చాలు.

ఇత్వసంధికి ఇంకొకరిని ‘య్’ కార్డుతో పక్కన కూర్చోబెట్టండి. ‘ఏమి + అంటివి’లో ‘ఇ’ కూర్చుంటే ‘ఏమంటివి’. కూర్చోనని మొండికేస్తే ‘య్’ పరుగున మధ్యలోకి వస్తుంది, ‘ఏమియంటివి’. రెండూ ఒప్పే. వైకల్పికం అనే మాటకు ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

సంస్కృత సంధులకు వచ్చేసరికి లెక్క మారుతుంది, ఇక్కడే పిల్లల కళ్లు మెరుస్తాయి. ‘గ్రంథ + ఆలయం’లో అ, ఆ రెండూ కూర్చుంటాయి, కొత్తగా ఒక్క ‘ఆ’ లేస్తుంది. ‘మహా + ఇంద్ర’లో ఆ, ఇ రెండూ కూర్చుంటే ‘ఏ’ లేస్తుంది. ‘అతి + అంత’లో ‘ఇ’ ఒక్కటే కూర్చుంటుంది, దాని చోట ‘య్’ లేస్తుంది, రెండో అచ్చు కదలదు. సవర్ణదీర్ఘం, గుణం, యణాదేశం మధ్య తేడా అంతా ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచారు అన్న దాంట్లోనే ఉంది. ఒక పట్టిక గీయించి గోడకు అతికించండి. గసడదవాదేశం, ఆమ్రేడితం (ఒకే మాట రెండుసార్లు వచ్చేది) లాంటి మిగతా సంధుల్ని మాత్రం ఈ వారంలోనే కలిపేయకండి, కలగాపులగమైపోతుంది.

ఆదివారం పని: బోర్డుల వేట

పిల్లలు తిరిగే దారుల్లోనే పాఠం రాసి ఉంది. ఆసుపత్రి ముందు ‘అత్యవసర విభాగం’ యణాదేశం. గుడి గోడ మీద ‘బ్రహ్మోత్సవాలు’ గుణసంధి. ‘గ్రామ పంచాయతీ కార్యాలయం’ సవర్ణదీర్ఘం. కరపత్రాల్లో ‘పట్టణంలో ఏకైక షోరూం’ అంటారే, ఆ ఏకైక (ఏక + ఏక) వృద్ధిసంధి. ఒక్కొక్కరు అయిదు మాటలు తేవాలి. మాట, చూసిన చోటు, విడదీసిన రూపం, మూడు గళ్లుగా రాసుకోవాలి. ఫోన్లో ఫొటో తీసి తెస్తామంటే నేను ఒప్పుకోను. చేత్తో రాసుకుంటేనే ఒత్తులు, దీర్ఘాలు కంటికి ఆనతాయి.

సోమవారం వచ్చే మాటల్లో సగం సంధులు కావు. వాటిని పారేయకండి. ‘పాలకేంద్రం’, ‘చౌకధరల దుకాణం’ రెండు మూడు మాటలు అతుక్కున్న సమాసాలు. హనుమకొండ ‘వేయిస్తంభాల గుడి’లో మొదటి రెండు మాటలు ద్విగు సమాసం, అంటే ముందు మాట సంఖ్య. ఇలా పోగైన మాటలతో సమాసాల పాఠం మొదలుపెడితే ఉదాహరణల కోసం పుస్తకం తిప్పక్కర్లేదు. అర్థం విప్పి చెప్పించడమే అక్కడ పని. ‘పాల యొక్క కేంద్రం’ అని ఒకరంటే, ‘పాల కొరకు కేంద్రం’ అని ఇంకొకరు అడ్డం తిరుగుతారు. అడ్డం తిరగనివ్వండి. విభక్తి ప్రత్యయం మారితే అర్థం ఎంత జరుగుతుందో ఆ వాదులాటలోనే తెలుస్తుంది.

వాక్యాలను నటించడం

క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం. ఈ నాలుగు పేర్లు వినగానే ఎనిమిదో తరగతి పిల్లల ముఖాలు వాడిపోతాయి. పేర్లు చెప్పకండి. ఒకరిని ముందుకు పిలిచి చెవిలో పని చెప్పండి: సీసా మూత తీయి, నీళ్లు తాగు. తరగతి ఒకే వాక్యంలో చెప్పాలి: “మూత తీసి నీళ్లు తాగాడు.” రెండోసారి రెండు పనులూ ఒకేసారి చేయించండి: “నడుస్తూ పాడింది.” తర్వాత షరతు పెట్టండి: “గంట కొడితే వెళ్తాం.” ఆఖర్న ఆ షరతును ఓడించండి: “గంట కొట్టినా వెళ్లలేదు.” తీసి, నడుస్తూ, కొడితే, కొట్టినా అనే నాలుగు మాటల్ని బోర్డు మీద నిలువుగా రాసి, ఒక్కోదాని ఎదురుగా పేరు పెట్టండి. ఒక పీరియడ్లో అయిపోతుంది.

చింతగింజలతో ఛందస్సు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. చింతగింజ లఘువు, గవ్వ గురువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మొదటి రోజు గింజలు ఇవ్వకుండా చప్పట్లతోనే చేయించండి. లఘువుకు ఒక చప్పట, గురువుకు తొడ మీద తట్టి ఆ చేతిని అక్కడే ఒక క్షణం ఆపాలి. గురువులేవో ఒకసారి చెప్పాలి: దీర్ఘాలు, ఐ, ఔ ఉన్నవి, సున్నా, విసర్గ ఉన్నవి, పొల్లు తోడున్నవి, జంటాక్షరానికి ముందున్నవి. ఈ చివరిది కళ్లతో చూస్తే పట్టుబడదు, పలికితే ఇట్టే దొరుకుతుంది. ‘ఉప్పు’ అనేటప్పుడు ‘ఉ’ దగ్గర నాలుక ఎంత ఆగుతుందో గమనించమనండి.

పద్యం అందరికీ తెలిసిందే కావాలి:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

మొదటి పాదంతో మొదలుపెట్టకండి. చివరి పాదంతో మొదలుపెట్టండి, అది నిద్రలో అడిగినా చెబుతారు. నలుగురేసి గుంపులుగా నేల మీద కూర్చుని గింజలు పేర్చాలి. విశ్వ: గవ్వ, గింజ. దాభి: గవ్వ, గింజ. రామ: గవ్వ, గింజ. వినుర: మూడు గింజలు. వేమ: గవ్వ, గింజ. అయిదు కుప్పలు. ప్రతి కుప్పలో మాత్రలు లెక్కపెట్టమనండి. అన్నిటిలోనూ మూడే. మూడు మాత్రల ఈ కుప్పలే సూర్యగణాలు. మూడు గింజలైతే న గణం, గవ్వ, గింజ అయితే హ గణం.

తర్వాత మూడో పాదం. పురుషు, లందు, పుణ్య వరకు మూడేసి మాత్రలే. ‘పురుషులు’ దగ్గర నాలుగు వస్తాయి, ‘వేరయా’ దగ్గర అయిదు. “ఇవి పెద్ద కుప్పలు సార్” అంటారు. అవును, అవి ఇంద్రగణాలు. మొదటి పాదంలో ‘నొక్కపో’, ‘లికనుండు’ కూడా అంతే. ఈ పద్యం ఆటవెలది. అందులో బేసి పాదాలకు మూడు చిన్న కుప్పలు, రెండు పెద్దవి. సరి పాదాలకు అయిదూ చిన్నవే. ఈ మాట మీరు చెప్పాల్సిన పని ఉండదు, నేల మీద గింజలే చెబుతాయి.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో జత కుదరడం, కూడా అక్కడే చూపించవచ్చు. నాలుగో కుప్ప మొదటి అక్షరం మీద వేలు పెట్టమనండి. వి, వి. పు, పు. రెండో పాదంలో మాత్రం చూ, జా వస్తాయి, అచ్చులు కలవవు. ఒకసారి ఒక పాప, “వేమన తప్పు రాశాడా సార్?” అని అడిగింది. ఆ ప్రశ్న కోసం ఎదురుచూడండి. చూడ, జాడ పక్కపక్కన రాయించండి. రెండో అక్షరం ‘డ’ రెంటిలోనూ ఉంది. అదే ప్రాసయతి. మొదటి పాదంలో ఉకారానికి ‘నొ’లోని ఒకారం జత కావడం ఆఖర్న చెబితే మంచిది, అది కొంచెం బరువు.

ఇక సొంతంగా రాయడం. హాజరు పట్టీ తెరవండి. రాజు, గీత, రాధ, వాణి లాంటి పేర్లు గవ్వ, గింజ. సరళ, కవిత, రమణ మూడు గింజలు. అయిదు పేర్లు వరసగా చదివి, మొదటి పేరుకు, నాలుగో పేరుకు మొదటి అక్షరం కలిసేట్టు చూస్తే చాలు: “రాజు గీత సరళ రాధ కవిత.” ఆటవెలది రెండో పాదం నిలబడింది! తమ పేర్లతో పద్యపాదం కుదిరిందని తెలిసిన పిల్లల ఉత్సాహం చూసి తీరాలి. రవి, లక్ష్మి లాంటి పేర్లున్నవాళ్లు చిన్నబుచ్చుకోకుండా మాత్రం చూడండి. రవికి ఒక మాత్ర తక్కువ, ‘రవియు’ అంటే సరిపోతుంది. లక్ష్మికి ఏ మార్పూ అక్కర్లేదు, అది గవ్వ, గింజే. ఎందుకో వాళ్లతోనే చెప్పించండి.

కలిసిపోయిన పాదాలు

సుమతీ శతకంలోవి మూడు పద్యాలు తీసుకోండి: ‘అక్కరకు రాని చుట్టము’, ‘ఎప్పుడు సంపద కలిగిన’, ‘వినదగు నెవ్వరు చెప్పిన’. పన్నెండు పాదాల్ని పన్నెండు చీటీల మీద రాసి, కలిపేసి గుంపుకొక కట్ట ఇవ్వండి. పద్యాలు నోటికి రాని పిల్లలకే ఇవ్వడం మేలు. మొదటి రెండు పద్యాలకూ ముగింపు ‘గదరా సుమతీ’యే, కాబట్టి చివర్ల సాయంతో కుదరదు. అర్థంతో కొంత దూరం వెళ్తారు, చుట్టాలు రెండింటిలోనూ ఉన్నారు కాబట్టి అక్కడా తడబడతారు. అప్పుడు ఒక్క మాట అందించండి: రెండో అక్షరం చూడండి.

అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. ఎప్పుడు, నప్పుడు, దెప్పలుగ, గప్పలు. వినదగు, వినినంతనె, గని, మనుజుడె. అరనిమిషంలో మూడు పద్యాలు విడిపోతాయి. మూడో పద్యంలో న, ని, ను అని అచ్చు మారుతున్నా హల్లు మారడం లేదని వాళ్లే పట్టుకుంటారు. కందపద్యంలో ప్రాస నియమం అంటే ఇదే.

ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు, “కప్పలు కదా, గప్పలు అని ఎందుకుంది?” ముందు పాదం చివర ‘నిండినన్’లోని నకారాన్ని చూపించండి. దాని వెనక వచ్చిన క గ అయింది. అదే పద్యంలో తెప్పలు దెప్పలైంది, చెరువు జెరువైంది. సరళాదేశ సంధికి ఇంతకన్నా చక్కని తలుపు ఉండదు. పద్యం ఒక పీరియడ్, వ్యాకరణం ఒక పీరియడ్ అని విడదీయడం నాకు ఎప్పుడూ నచ్చదు.

గోడ మీద వామనుడు

వామనుడు బ్రహ్మాండం దాకా పెరిగిపోయే ‘ఇంతింతై వటుడింతయై’ పద్యాన్ని, పోతన భాగవతం అష్టమ స్కంధంలోనిది, ప్రతిపదార్థంతో మొదలుపెడితే చచ్చిపోతుంది. నేల నుంచి పైకప్పు దాకా గోడకు పొడవాటి కాగితం అంటించండి. అడుగున చిన్న వటువు బొమ్మ ఉండాలి. నభోవీధి, తోయదమండలం, ప్రభారాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్వాటి, సత్యపదం, బ్రహ్మాండాంతం, ఈ ఎనిమిది మాటలూ చీటీలుగా పిల్లల చేతుల్లో ఉండాలి. మీరు నెమ్మదిగా చదువుతుంటే, తన మాట వినగానే ఒక్కొక్కరు వచ్చి ఒక్కో మెట్టు పైన అంటించాలి. పై మెట్లకు కుర్చీ కావాలి, ఆపైన బల్ల కావాలి. చూసేవాళ్ల తలలు తెలియకుండానే పైకి లేస్తాయి.

రెండోసారి పిల్లలే చదవాలి, ప్రతి ‘అంతై’ దగ్గరా గొంతు ఒక మెట్టు పెరగాలి. అప్పుడు అడగండి, కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు? ‘కిందే నిలబడి, మెడ నొప్పెట్టేదాకా’ అని ఒక పాప చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ తర్వాతే మాటల్లోకి దిగండి. తోయం అంటే నీరు, తోయదం అంటే నీటినిచ్చేది, మేఘం. ‘ఇంతింత’ ఆమ్రేడితం, ‘వటుడింత’ వాళ్లకు తెలిసిన ఉత్వసంధి, ‘పదోన్నతుడు’ గుణసంధి. పాత చుట్టాల్లా ఒక్కొక్కటే ఎదురొస్తాయి.

కథలకు: ప్రశ్నల కుర్చీ

పంచతంత్రం మిత్రలాభంలోని పావురాల కథ చదివాక, ఒకరిని పావురాల రాజు చిత్రగ్రీవుడిగా కుర్చీలో కూర్చోబెట్టండి. మిగతావాళ్లు వలలో చిక్కిన పావురాలు. ‘కథ నీతి ఏమిటి’ లాంటి ప్రశ్నలు వద్దు. “నూకలు చూసి దిగొద్దని చెప్పింది నువ్వే కదా, మరి మాతోపాటు నువ్వెందుకు దిగావు?” అని ఒక పావురం అడగాలి. “ముందు మా తాళ్లు కొరకమని ఎలుక హిరణ్యకుడికి ఎందుకు చెప్పావు?” అని ఇంకొకటి. జవాబు చెప్పేవాళ్లు కథలోంచి ఒక ఆధారం చూపించాలి, సొంతంగా ఒక కారణం కలపాలి. కుర్చీలో ఒక్కొక్కరికీ నాలుగు నిమిషాలు చాలు. మాట్లాడని పిల్లలకు ముందురోజే ప్రశ్న చీటీ ఇచ్చి పంపండి, చదవడానికైనా గొంతు విప్పుతారు.

అలంకారాలకు పొడుపుకథలు వాడండి. ‘తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది.’ ఉత్తరం. ఇక్కడ ఉపమానం (దేనితో పోల్చారో అది) పిట్ట, ఉపమేయం (దేన్ని పోల్చారో అది) దాచిపెట్టారు. దాచిన ఉపమేయాన్ని కనుక్కోవడమే పొడుపు విప్పడం. దాన్ని బయటపెట్టి ‘ఉత్తరం పిట్టలా పోతుంది’ అంటే ఉపమ, ‘ఉత్తరమనే పిట్ట’ అంటే రూపకం.

ప్రకృతి, వికృతులకు ఇంటికే పంపాలి. సంధ్యను అవ్వ ఏమంటుంది? సందె. అగ్నిని? అగ్గి. యాత్రను? జాతర. నిద్రను? నిదుర. విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవాళ్లు ఈ పనిని తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేయించి చేయొచ్చు. దీంతోపాటే ఊరి మాటలు కూడా పోగు చేయించండి. ఒకరింట్లో పల్లీలు, ఇంకొకరింట్లో వేరుశనక్కాయలు, మరొకరింట్లో బుడ్డలు. ఆనపకాయ, సొరకాయ ఒకటేనని తెలిసినప్పుడు పర్యాయపదం అంటే అర్థమవుతుంది. ఎవరి మాటనూ తప్పని కొట్టేయకండి. అవ్వ మాట బోర్డెక్కిన బిడ్డ ఆ రోజు నిటారుగా కూర్చుంటుంది.

మార్కుల సంగతి

ఇవన్నీ చేయిస్తే సిలబస్ ఎప్పుడవుతుందని తోటి మాస్టార్లు అడుగుతుంటారు. నేను వారానికి ఒక్క పీరియడే ఆటకిస్తాను, మిగతావి మామూలు పాఠాలే. ఆట అయిన రోజు చివరి అయిదు నిమిషాలు మాత్రం వదలను. ఏం చూశారో, ఏం తేలిందో సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయాలి, సూత్రం దాని కింద ఉండాలి. పరీక్షలో సూత్రం ఒక్కటే రాసినవాళ్లకు సగం మార్కులే ఇస్తాను, పదం విడదీసి ఏ వర్ణం పోయిందో చూపిస్తేనే మిగతా సగం. అలా దిద్దిన మొదటి ఏడాది, ఒక జవాబు పత్రం మార్జిన్లో పెన్సిలుతో పది చిన్న గళ్లు గీసి ఉన్నాయి. అయిదో గడిలో ‘ఉ’ రాసి, దాని మీద అడ్డగీత కొట్టి, నాలుగో గడి నుంచి ఆరో గడికి ఒక చెయ్యి బొమ్మ వేసి ఉంది.